జవాబు రాని చోట

ఇంట్లో నెట్ తడబడుతున్నప్పుడు, వీడియో కాల్‌లో అవతలివాళ్ల ముఖం బిగుసుకుపోయి మాట ముక్కలుముక్కలుగా వినబడుతున్నప్పుడు, కాస్త తెలిసినవాళ్లు ముందుగా చేసే పరీక్ష పింగ్. 1983 డిసెంబరులో మైక్ మ్యూస్ అనే అమెరికన్ ఇంజనీరు రాసిన చిన్న ప్రోగ్రాం అది. దూరంలో ఉన్న యంత్రానికి ఒక ప్యాకెట్ పంపి, దానికి జవాబు ఎంతసేపట్లో తిరిగి వచ్చిందో మిల్లీసెకన్లలో చెబుతుంది. జవాబు రాకపోతే గడువు దాటిపోయిందని చెబుతుంది. విండోస్‌లో ఆ గడువు మామూలుగా 4 సెకన్లు. తెర మీద అలాంటి వరసలు నాలుగైదు కనబడగానే ప్యాకెట్లు పోతున్నాయని తేల్చేస్తాం, కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తాం. నిజానికి ప్రోగ్రాం చెప్పింది అంతకంటే చాలా తక్కువ. నిర్ణీత సమయంలో జవాబు నాకు చేరలేదు అని మాత్రమే అది చెప్పింది. మన ప్యాకెట్ దారిలో పోయి ఉండవచ్చు, అవతలికి చేరాక జవాబు తిరుగుదారిలో పోయి ఉండవచ్చు, అవతలి యంత్రం ఇలాంటి ప్రశ్నలకు జవాబివ్వకూడదని దాని యజమానులే కట్టడి చేసి ఉండవచ్చు, లేదా జవాబు ఐదో సెకనులో వచ్చి ఉండవచ్చు. ఈ నాలుగు సందర్భాల్లోనూ మనకు కనబడేది ఒకే మౌనం. ఆ మౌనాన్ని చూసి 'లేదు' అనే హక్కు మనకు ఎప్పుడు వస్తుంది? ఈ ప్రశ్న రౌటర్ల కాలంలో పుట్టింది కాదు. మన దర్శనాలు వెయ్యేళ్లకు పైగా దీని మీద తర్కించాయి. అవి చేరుకున్న జవాబు సరైనదని, దాన్ని పట్టించుకోకపోవడం వల్లే ఇంటి నెట్ విషయంలోనూ అంతకంటే పెద్ద విషయాల్లోనూ తప్పు తీర్పులు ఇస్తున్నామని నా వాదన.

నేల మీద కుండ లేదు అని మనకు ఎలా తెలుస్తుంది? ఉన్న కుండ కంటికి తగులుతుంది, లేని కుండ తగలదు కదా. కుమారిల భట్టు సంప్రదాయంలోని మీమాంసకులు, వారి తర్వాత అద్వైతులు, దీనికోసం అనుపలబ్ధి, అంటే కనబడకపోవడం, అనే ప్రమాణాన్ని విడిగా ఒప్పుకున్నారు. న్యాయ దర్శనానికి చెందిన నైయాయికులు ఒప్పుకోలేదు. అభావం కూడా ప్రత్యక్షంగానే తెలుస్తుందని, కనబడకపోవడం దానికి తోడ్పడుతుందని వారి పక్షం. ఆ తగాదా ఇక్కడ మనకు అక్కర్లేదు. అక్కరకు వచ్చేది రెండు పక్షాలూ కలిసి ఒప్పుకున్న షరతు. కనబడకపోవడం ఒక్కటే చాలదు, అది యోగ్యమైన అనుపలబ్ధి అయి ఉండాలి. ఆంధ్రదేశం నుంచి కాశీకి వెళ్లాడని చెప్పే అన్నంభట్టు తన తర్కసంగ్రహానికి తానే రాసుకున్న దీపికలో ఈ షరతును అందరికీ అర్థమయ్యేలా పెట్టాడు. ఇక్కడ కుండే గనక ఉండి ఉంటే, నేల కనబడుతున్నట్టే అదీ కనబడి ఉండేది, కనబడటం లేదు గనక లేదు. మొత్తం బరువు 'ఉండి ఉంటే కనబడి ఉండేది' అన్న భాగం మీదే ఉంది. చీకటి గదిలో కుండ కనబడలేదంటే అక్కడ కుండ లేదని అర్థం కాదు, ఎందుకంటే ఉన్నా కనబడేది కాదు. ఏడో శతాబ్దపు బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి దీన్నే మరింత పదును పెట్టి చెప్పాడు: స్వభావం వల్లనో దూరం వల్లనో కాలం వల్లనో మనకు అందని వస్తువు కనబడకపోతే దానివల్ల సందేహం మాత్రమే పుడుతుంది, లేదన్న నిశ్చయం పుట్టదు. ఆత్మ విషయంలో, వేదం విషయంలో ఒకరితో ఒకరు ఎన్నడూ రాజీపడని ఈ పక్షాలు ఈ ఒక్క చోట ఇంత దగ్గరగా రావడం నాకు తేలిగ్గా తీసుకోదగ్గ విషయంగా తోచదు.

ఈ షరతు మరిచిపోతే ఏమవుతుందో చూడటానికి ట్రేస్‌రూట్ కంటే మంచి ఉదాహరణ దొరకదు. ప్రతి ప్యాకెట్ మీదా అది ఇంకా ఎన్ని రౌటర్లు దాటవచ్చో చెప్పే ఒక అంకె ఉంటుంది. దాటిన ప్రతి రౌటర్ దాన్ని ఒకటి తగ్గిస్తుంది. అది సున్నా అయిన చోట ప్యాకెట్‌ను పారేసి, పారేశానని పంపినవాడికి కబురు పెట్టడం ఆనవాయితీ. ట్రేస్‌రూట్ ఈ అంకెను ముందు 1, తర్వాత 2, ఆపై 3 అని పెంచుకుంటూ పోతుంది. వచ్చిన కబుర్లను బట్టి దారిలోని రౌటర్ల పేర్లు, వాటికి పట్టిన సమయాలు వరసగా రాస్తుంది. ఇందులో ఐదో గడిలో, జవాబు రాలేదని చెప్పే నక్షత్రాలు కనబడ్డాయనుకోండి, లేదా అక్కడ సగం ప్యాకెట్లు పోయినట్టు చూపిందనుకోండి. దోషి దొరికాడని వెంటనే అనిపిస్తుంది. కానీ పెద్ద రౌటర్లలో ప్యాకెట్లను ముందుకు తోసే పని ప్రత్యేకమైన చిప్‌లది. పారేశానని కబురు రాసే పని వేరే చిన్న ప్రాసెసర్‌ది. ఆ ప్రాసెసర్‌కు ముఖ్యమైన పనులు వేరే ఉంటాయి కాబట్టి ఇలాంటి కబుర్లకు ఒక పరిమితి పెడతారు, కొన్నిచోట్ల పూర్తిగా ఆపేస్తారు. ఐదో రౌటర్ మన ప్రశ్నకు జవాబివ్వకుండానే మన సినిమాను ఒక్క ప్యాకెట్ కూడా పోకుండా ముందుకు పంపుతూ ఉండవచ్చు. జవాబివ్వాల్సిన బాధ్యత లేనివాడి మౌనం అది. అన్నంభట్టు షరతు ఇక్కడ నెరవేరలేదు, ఎందుకంటే రౌటర్ నిక్షేపంగా ఉన్నా జవాబు వచ్చి ఉండేది కాదు. ఆరు, ఏడు, చివరి గడి దాకా నష్టం కనబడకపోతే ఐదో గడిలోని నష్టం నిజమైన నష్టం కాదు. ఒక గడిలో మొదలైన నష్టం ఆ తర్వాత గడులన్నిటిలోనూ గమ్యం దాకా కొనసాగితే అప్పుడు అనుమానానికి బలం వస్తుంది. అప్పుడు కూడా కొంచెం ఆగాలి. ప్రశ్న వెళ్లిన దారినే జవాబు తిరిగి రావాలన్న నియమం లేదు గనక తప్పు తిరుగుదారిలో ఉండవచ్చు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, అది న్యాయమైనదే. ఇలా ప్రతి మౌనానికీ నాలుగు కారణాలు చెప్పుకుంటూ పోతే నెట్ సంస్థలకు కావాల్సింది అదే కదా? నెలనెలా డబ్బు కట్టే మనిషి ఫిర్యాదు చేస్తే 'మీ వైఫై వల్ల కావచ్చు, అవతలి సర్వర్ వల్ల కావచ్చు' అని తప్పించుకోవడానికి వాళ్లకు శాస్త్రాధారం ఇచ్చినట్టు కాదా? యోగ్యతను సాకుగా వాడుకోవచ్చు, నిజమే. కానీ యోగ్యత అనేది దొరికితే దొరికింది లేకపోతే లేదు అనుకునే వరం కాదు, మనం కల్పించుకోగలిగిన స్థితి. చీకటి గదిలో కుండ ఉందో లేదో తెలియకపోతే వాదించుకుంటూ కూర్చోం, దీపం తెస్తాం. ఇంటి నెట్‌లో తప్పు వెతికే పద్ధతి అంతా దీపం తేవడమే. ముందు వైఫై వదిలేసి ల్యాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో రౌటర్‌కు కలిపి, ఆ రౌటర్‌నే పింగ్ చేయాలి. చాలా ఇళ్లలో దాని చిరునామా 192.168.1.1. అది మన గదిలోనే ఉంది, జవాబివ్వడానికి సిద్ధంగా ఉంది, మధ్యలో రెండు మీటర్ల తీగ తప్ప ఏమీ లేదు. ఒక మిల్లీసెకను లోపల జవాబు రావాలి. అక్కడ జవాబు తప్పితే ఆ మౌనానికి అర్థం ఉంది. తీగతో బాగుండి వైఫైతో తప్పితే తప్పు గాలిలో ఉంది. 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఒకదాని మీద ఒకటి పడకుండా మామూలుగా వాడే చానెళ్లు 1, 6, 11. అపార్ట్‌మెంట్‌లో పాతిక ఇళ్ల రౌటర్లు ఆ మూడింటి కోసమే పోటీ పడతాయి, వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ కూడా దాదాపు అదే పట్టీలో పనిచేస్తుంది. రౌటర్ దాకా రెండు విధాలా బాగుంటే అప్పుడు సంస్థవారి మొదటి యంత్రం, ఆ తర్వాత పింగ్‌కు జవాబిస్తుందని ముందే తెలిసిన బయటి చిరునామా ఒకటి. ఇదంతా తెల్లవారుజామున ఒకసారి, అందరూ నెట్ మీద ఉండే రాత్రి తొమ్మిదింటికి ఒకసారి చేసి చూడాలి. అడుగడుగునా చేసేది ఒకటే పని, ఉండి ఉంటే కనబడి ఉండేది అన్న షరతును ఒక్కొక్క చోట నెరవేర్చుకుంటూ వెళ్లడం. ఇలా తయారైన ఫిర్యాదును సంస్థవారు 'కావచ్చు'లతో కొట్టిపారేయలేరు. కొట్టిపారేస్తే అప్పుడు తప్పు నిస్సందేహంగా వారిది. నిజానికి ఈ దీపం తేవాల్సిన భారం డబ్బు కట్టేవాడి మీద కంటే తీసుకునేవాడి మీదే ఎక్కువ ఉండాలని నా అభిప్రాయం. లైన్ మీద వెలుగు ఎంత బలంగా వస్తోందో, ఫైబర్ ఎక్కడ మెలిపడిందో కొలిచే సాధనాలు వారి చేతిలోనే ఉన్నాయి.

ఉండి ఉంటే ఎలా కనబడేదో తెలియాలంటే మామూలుగా ఎలా ఉంటుందో కూడా తెలియాలి. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాదు నుంచి న్యూయార్క్ సుమారు 13 వేల కిలోమీటర్లు. భూమి మీద గీత గీసినట్టు తీగ వేసినా వెళ్లి రావడానికి 130 మిల్లీసెకన్లు తప్పవు. సముద్రం అడుగున కేబుళ్లు అలా తిన్నగా పోవు గనక 200 దాటడం మామూలే. అక్కడున్న పిల్లలతో ఇక్కడి తల్లిదండ్రులు మాట్లాడేటప్పుడు ఒకరి మాట మీద మరొకరి మాట పడటంలో కొంత భాగం ఎవరి తప్పూ కాదు, ఏ ప్లాన్‌కు మారినా పోదు.

ఇంతవరకు దూరాన్నీ చీకటినీ చూశాం. మౌనంలో కాలం కూడా ఉంది, లోతైన చిక్కు నిజానికి అక్కడే. జవాబు ఇంకా రాలేదు అనేదానికీ, ఇక రాదు అనేదానికీ ఎదురుచూసేవాడి వైపు నుంచి ఆ క్షణంలో ఏ తేడా లేదు. ఆలస్యమూ నష్టమూ రెండు వేరువేరు జబ్బులని మనం అనుకుంటాం, కొలిచే తెరలు కూడా వాటిని రెండు వేరు గడుల్లో చూపిస్తాయి. కానీ ఆలస్యం ఎక్కడ ముగిసి నష్టం ఎక్కడ మొదలవుతుందో నిర్ణయించేది ఎదురుచూసేవాడి ఓపిక. ఇంటర్నెట్‌లో ఎక్కువ భాగాన్ని మోసే టీసీపీ ఈ చిక్కును ప్రతి క్షణం ఎదుర్కొంటుంది. పంపినదానికి ముట్టిందన్న కబురు రాకపోతే ఎంతసేపు ఆగి మళ్లీ పంపాలి? తొందరపడితే, ఆలస్యంగా వస్తున్నదాన్ని పోయిందనుకుని మళ్లీ పంపి దారిని మరింత నింపుతుంది. 1986 అక్టోబరులో కాలిఫోర్నియాలో లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకూ బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య, 400 గజాల దూరంలో, సెకనుకు 32 వేల బిట్లు పోవాల్సిన దారిలో 40 బిట్లు మాత్రమే పోయే స్థితి వచ్చింది. దారి చెడిపోలేదు. అందరూ మౌనాన్ని తప్పుగా చదివి మళ్లీమళ్లీ పంపుతుండటంతో దారి వాటితోనే నిండిపోయింది. దీన్ని విచారించిన వాన్ జాకబ్సన్ 1988లో రాసిన పత్రంలో చూపిన మందు జ్ఞానమీమాంసలో చేరదగ్గది. జవాబులు రావడానికి ఇంతవరకు సగటున ఎంతసేపు పట్టిందో మాత్రమే గాక, ఆ సమయం ఎంతగా అటూఇటూ ఊగుతోందో కూడా గుర్తుంచుకోవాలి. నేటి ప్రమాణం ప్రకారం సగటుకు ఆ ఊగిసలాటను నాలుగింతలు చేసి కలిపితే వచ్చేది ఓపిక. ఊగని దారిలో చిన్న మౌనం కూడా అర్థవంతం, బాగా ఊగే దారిలో పెద్ద మౌనం కూడా ఏమీ చెప్పదు. మళ్లీ పంపినా జవాబు రాకపోతే టీసీపీ ఓపికను రెట్టింపు చేస్తుంది. ఉండి ఉంటే ఈపాటికి కనబడి ఉండేది అన్న వాక్యంలో 'ఈపాటికి' అనే మాటకు అనుభవం నుంచి కొలత ఇచ్చినట్టయింది. ఆ ఒక్క మాటను మన పూర్వులు తగినంతగా విచారించలేదని నా అభిప్రాయం. వారి కుండ కదలదు, నేల కదలదు, చూసేవాడికి తొందర లేదు.

అంత జాగ్రత్తపడ్డ టీసీపీ కూడా ఒక చోట తప్పుతుంది. నష్టం కనబడితే దారి కిక్కిరిసిందని అర్థం చేసుకుని వేగం తగ్గిస్తుంది. తీగల లోకంలో ఆ అనుమానం చాలావరకు నిజం. గాలిలో కాదు, అక్కడ ఖాళీ దారిలో కూడా అలజడి వల్ల ప్యాకెట్లు చెడిపోతాయి. ఆ తప్పుకు ధర చిన్నది కాదు. వెళ్లి రావడానికి 100 మిల్లీసెకన్లు పట్టే దారిలో నూటికి ఒక్క ప్యాకెట్ పోతే చాలు, పాత పద్ధతిలో నడిచే ఒక్క ప్రవాహం సెకనుకు 1.4 మెగాబిట్ల దరిదాపుల్లో ఆగిపోతుంది, ఇంటికి 100 మెగాబిట్ల ప్లాన్ ఉన్నా సరే. అందుకే వైఫై తనలో పోయిన ప్యాకెట్లను తానే మళ్లీ పంపి, ఆ నష్టాన్ని పైకి కనబడనివ్వకుండా చిన్న ఆలస్యంగా మారుస్తుంది.

దీనికి తలకిందులైన ఆక్షేపణ మరొకటి ఉంది. మౌనాన్ని నమ్మలేమన్నావు సరే, మౌనమే లేకపోతే అంతా బాగున్నట్టేనా? కాదు. దీన్ని నెట్‌వర్క్ చాలా ఖరీదుగా నేర్పింది. మెమరీ చవకైన కొద్దీ రౌటర్లు, మోడెములు తయారుచేసేవారు ఒక్క ప్యాకెట్ కూడా పోకూడదని వాటిలో పెద్దపెద్ద బఫర్లు పెట్టారు. దారి నిండితే ప్యాకెట్లు పోవు, వరసలో నిలబడతాయి. సెకనుకు 10 మెగాబిట్లు పంపగల ఇంట్లో ఒక మెగాబైటు బఫర్ నిండితే చివర నిలబడ్డ ప్యాకెట్ 0.8 సెకను ఆగాలి. ఫోన్ మాటకు ఒక వైపు 150 మిల్లీసెకన్లు దాటకపోతే మంచిదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫారసు. ఇంట్లో ఎవరో ఫోటోలన్నీ క్లౌడ్‌కు ఎక్కిస్తుంటే పక్క గదిలో ఆన్‌లైన్ క్లాసు కూలిపోయేది ఇందువల్లే. అప్పుడు పింగ్ చూస్తే నష్టం సున్నా, ఆలస్యం మాత్రం 20 నుంచి 800 మిల్లీసెకన్లకు ఎగబాకి ఉంటుంది. పంపేవాడికి నష్టమన్న సంకేతం అందదు గనక వేగం తగ్గించడు, వరస కరగదు. జిమ్ గెటిస్ బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టిన ఈ రోగానికి 2012లో కాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ ప్రతిపాదించిన మందు, వరసలో నిరీక్షణ 5 మిల్లీసెకన్ల మీదే 100 మిల్లీసెకన్ల పాటు నిలిచిపోతే కావాలని ప్యాకెట్లను పారేయడం మొదలుపెట్టడం. నష్టాన్ని నోరు నొక్కి ఆపినచోట మళ్లీ నష్టానికి నోరిచ్చారు. ఇది నా వాదనకు ఎదురుదెబ్బ కాదు, దాని రెండో సగం. అభావం నుంచి ఏదైనా తెలియాలంటే అభావం కనబడటానికి కూడా వీలుండాలి. తప్పు జరిగినా తప్పు కనబడని ఏర్పాటులో, తప్పు కనబడలేదన్న మాటకు విలువ లేదు.

మరి నిశ్చయం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలా? సంభావన చాలు, నిశ్చయం అక్కర్లేదు అని ప్రత్యక్షాన్ని మాత్రమే ప్రమాణంగా ఒప్పుకునే చార్వాకుడి పక్షం. పొగ చూసి నిప్పు ఉండవచ్చనుకుంటే చాలు, మనిషి నిప్పు కోసం వెళ్తాడు. పని మేరకు నేను చార్వాకుడితో ఏకీభవిస్తాను. టీసీపీ చేసేదీ అదే, పోయిందని తెలియకుండానే పోయి ఉండవచ్చని మళ్లీ పంపుతుంది. అలా చేయడం దానికి చెల్లుతుంది, ఎందుకంటే రెండోసారి పంపడం చిన్న ఖర్చు, తప్పని తేలితే దిద్దుకోవచ్చు. రౌటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ వేయడానికీ, చానెల్ మార్చడానికీ సంభావన చాలు. స్తంభమెక్కి కేబుల్ చూసే కుర్రాడి జీతంలో కోత పడేలా అతని మీద రాతపూర్వకంగా తప్పు మోపడానికి చాలదు. చర్య వెనక్కి తీసుకోలేనిదైన కొద్దీ మౌనం అంత యోగ్యమైనది కావాలి. సంభావన మీద పని చేయవచ్చని చెప్పిన చార్వాకుడు దాన్నే తీర్పుగా మార్చినప్పుడు నేను అతనితో విడిపోతాను.

అతను తీర్పుగా మార్చింది దేవుడి విషయంలో. కనబడడు గనక లేడు అన్నాడు. న్యాయకుసుమాంజలిలో నైయాయికుడైన ఉదయనాచార్యుడు ఇచ్చిన జవాబు ఈ వ్యాసమంతా నడిచిన దారిదే. కనబడకపోవడమే లేకపోవడమైతే, ఇల్లు వదిలి బయటికొచ్చిన చార్వాకుడు భార్యాబిడ్డలు కనబడటం లేదు గనక వాళ్లు లేరని గుండె బాదుకోవాలి, ఇంటికి తిరిగి వెళ్లకూడదు. కంటికి అందే యోగ్యత లేనివాడు కంటికి అందకపోవడం ఏ నిర్ణయానికీ చాలదు. ఈ జవాబు నాకు అభేద్యంగా కనిపిస్తుంది. అయితే దీనివల్ల ఆస్తికుడికి దక్కేది అతను సాధారణంగా అనుకునేదానికంటే చాలా తక్కువ. ధర్మకీర్తి చెప్పినట్టు దక్కేది సందేహం మాత్రమే. మౌనం వెనుక ఎవరో ఉన్నారని మౌనం చెప్పదు. జవాబు రాకపోవడమే ఆయన జవాబు అనేవాళ్లు, జవాబివ్వని రౌటర్‌ను చూసి అది మంచి రౌటర్ అని తేల్చినవాళ్లతో సమానం. అంతేకాదు, యోగ్యత లేదన్న రక్షణ షరతులు పెట్టనంతవరకే పనిచేస్తుంది. ఫలానా మొక్కు మొక్కి మండలం రోజులు దీక్ష పడితే ఫలానా రోగం తగ్గుతుందని ఎవరైనా చెబితే, వారు దేవుడి జవాబుకు చిరునామా చెప్పారు, గడువూ చెప్పారు. మండలం గడిచాక రోగం తగ్గకపోతే అక్కడి మౌనం ఇక అయోగ్యమైన మౌనం కాదు. అప్పుడు ఉదయనుడి వెనుక దాక్కోవడం కుదరదు. అలాంటి గడువులు చెప్పి రోగుల దగ్గర డబ్బు తీసుకునేవాళ్లను ఆ కొలతతోనే నిలదీయాలి. ఉదయనుడు కూడా కనబడకపోవడం మీద ఈశ్వరుణ్ణి నిలబెట్టలేదు. దాన్ని అడ్డు తొలగించడానికి మాత్రమే వాడుకున్నాడు. ఈ ప్రపంచం కార్యం గనక దానికి కర్త ఉండాలన్నది మొదలుగా అతను వేరే హేతువులు చూపాడు. అవి నిలుస్తాయో లేదో వాటి వ్యాప్తిని, అంటే హేతువున్న ప్రతిచోటా సాధ్యమూ ఉందా అన్నదాన్ని, పరీక్షించి తేల్చాలి, ప్రార్థనకు జవాబు వచ్చిందా రాలేదా అన్న లెక్కతో కాదు.